బడ్డీ గై: గుడ్‌బై చెప్పినా వదలని గిటార్.. 86 ఏళ్ల వయసులో ఫేర్‌వెల్ టూర్.. ఈ బ్లూస్ దిగ్గజాన్ని లైవ్‌లో చూడాలని ఫ్యాన్స్ ఎందుకంత తపిస్తారు?

హాల్లో గిటార్ మోగుతూనే ఉంది.. కానీ స్టేజ్ మీద వాయించే మనిషి లేడు! డ్రమ్స్ నడుస్తున్నాయి, బేస్ గిటార్ నడుస్తోంది, కీబోర్డ్ ముందున్న ఆర్టిస్ట్ నవ్వుతున్నాడు. జనమంతా సీట్లలోంచి లేచి వెనక్కి తిరిగి చూస్తున్నారు. చుక్కల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన గిటార్ వాయిస్తూ వరసల మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్తున్నారు. ఒక్కోసారి హాల్ తలుపు దాటి బయట లాబీలోకి కూడా వెళ్లిపోతారు. లోపల ఉన్నవాళ్లకు వినపడేది ఆ సౌండ్ మాత్రమే!

బ్లూస్ గిటారిస్ట్ బడ్డీ గై కాన్సర్ట్‌కి వెళ్లినవాళ్లు దశాబ్దాలుగా చెబుతున్న అనుభవం ఇదే. 1936లో పుట్టిన ఆయన 2023లో 'డామ్ రైట్ ఫేర్‌వెల్' పేరుతో వీడ్కోలు టూర్ మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 86 ఏళ్లు. ఆ వయసులో చాలామంది మెట్లెక్కడానికే ఆలోచిస్తారు. ఆయన మాత్రం దేశదేశాలు తిరుగుతూ గంటకు పైగా నిలబడి వాయించారు. ఇంతకీ ఎవరీ బడ్డీ గై? ఆయన పాటలన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నప్పుడు, టికెట్ కొని మరీ చూడాలని ఫ్యాన్స్ ఎందుకు తపిస్తారు? లైవ్‌లో చూస్తే దొరికేది ఏంటి? చూద్దాం..

పత్తి చేలోంచి షికాగో దాకా..

బడ్డీ గై అసలు పేరు జార్జ్ గై. 1936 జూలై 30న అమెరికాలోని లూసియానా రాష్ట్రం లెట్స్‌వర్త్ అనే పల్లెలో పుట్టారు. తల్లిదండ్రులది కౌలు సేద్యం. సొంత భూమి లేదు. పండిన పంటలో భూస్వామి వాటా పోగా మిగిలిందే వాళ్లది. చిన్నప్పుడే పత్తి ఏరే పనికి వెళ్లారు. ఇంట్లో గిటార్ కొనే స్తోమత లేదు. కిటికీలకు దోమలు రాకుండా కట్టిన జాలీ తీగలు పీకి, వాటినే లాగి కట్టి వాయించేవాడినని ఆయనే చాలాసార్లు నవ్వుతూ చెప్పారు. తర్వాత తండ్రి ఎవరి దగ్గరో రెండు తీగలే ఉన్న పాత గిటార్ కొని ఇచ్చారు. ఆ రెండు తీగలతోనే ఆయన పాఠం మొదలైంది.

కొంతకాలం బేటన్ రూజ్ నగరంలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీలో చిన్న ఉద్యోగం చేశారు. గదులు శుభ్రం చేయడం లాంటి పనులే. ఆ తర్వాత 1957 సెప్టెంబర్ 25న షికాగో రైలెక్కి వచ్చేశారు. ఈ తేదీని ఆయన రెండో పుట్టినరోజులా చెప్పుకుంటారు. 2022లో ఆయన ఆల్బమ్ 'ద బ్లూస్ డోంట్ లై' విడుదలను కూడా ఈ 65 ఏళ్ల ప్రయాణానికి గుర్తుగానే సెప్టెంబర్ చివర్లో పెట్టుకున్నారు.

షికాగోలో తొలి రోజులు ఆకలితోనే గడిచాయి. చేతిలో డబ్బుల్లేవు, తెలిసినవాళ్లు తక్కువ. తిరిగి ఊరికి వెళ్లిపోదామనుకుంటున్న సమయంలో 708 క్లబ్ అనే చోట వాయించే అవకాశం వచ్చింది. అప్పటికే బ్లూస్‌కి రారాజులా ఉన్న మడ్డీ వాటర్స్ ఆ కుర్రాడి సంగతి విని చూడ్డానికి వచ్చారు. కుర్రాడు ఆకలితో ఉన్నాడని తెలిసి తన కార్లో కూర్చోబెట్టి, బ్రెడ్ మధ్య మాంసం పెట్టి శాండ్‌విచ్ చేసి ఇచ్చారు. ఆ రోజు కడుపు నింపిన మనిషిని బడ్డీ గై ఎప్పటికీ మర్చిపోలేదు. ఇప్పటికీ ఏ ఇంటర్వ్యూలో అయినా, ఏ స్టేజ్ మీద అయినా మడ్డీ వాటర్స్ పేరు రాకుండా ఉండదు.

అసలు బ్లూస్ అంటే ఏంటి?

బ్లూస్ అనేది అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ప్రజల బతుకుల్లోంచి పుట్టిన సంగీతం. బానిసత్వం పోయినా పొలాల్లో వెట్టి బతుకు పోలేదు. ఆ పొలాల్లో పాడుకున్న కూలి పాటలు, చర్చిలో పాడిన పాటలు కలిసి 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఈ రూపం వచ్చింది.

లెక్క చాలా సింపుల్. చాలా బ్లూస్ పాటలు 12 బార్లలో నడుస్తాయి. ఒక్కో బార్‌లో నాలుగు తాళపు దెబ్బలు. మూడే మూడు కార్డ్‌లు. మాటలు కూడా అంతే.. మొదటి లైన్ పాడతారు, అదే లైన్ మళ్లీ పాడతారు, మూడో లైన్‌లో దానికి జవాబు చెబుతారు. పాడేవాళ్లు ఒక లైన్ పాడి ఆగగానే ఆ ఖాళీలో గిటార్ మాట్లాడుతుంది. బుర్రకథలో కథకుడు ఒక చరణం చెబితే పక్కనున్న వంతలు 'తందాన తాన' అని అందుకోవడం మనకు తెలుసు కదా.. ఇక్కడ వంత పాడేది గిటార్!

ఇక రెండో ముఖ్యమైన విషయం 'బెండింగ్'. తీగను వేలితో నొక్కి పక్కకు లాగుతారు. అప్పుడు స్వరం ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు జారుతూ వెళ్తుంది. వీణ వాయించేవాళ్లు తీగ లాగి గమకం పలికిస్తారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక గమకాలు పలికించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. పద్ధతులు వేరు, నియమాలు వేరు. కానీ తీగ మీద మనిషి గొంతును తేవాలన్న కోరిక రెండు చోట్లా ఒకటే. బడ్డీ గై గిటార్ బెండ్ చేస్తే ఒక్కోసారి ఏడ్చినట్టు, ఒక్కోసారి అరిచినట్టు, ఒక్కోసారి దెబ్బలాడినట్టు వినపడుతుంది. బ్లూస్ గురించి ఏమీ తెలియనివాళ్లకు కూడా ఆ ఏడుపు, ఆ అరుపు అర్థమైపోతాయి.

రికార్డ్‌లో వినపడనిది.. స్టేజ్ మీద కనపడేది

బడ్డీ గై కెరీర్‌లో ఒక విచిత్రం ఉంది. ఆయన్ని స్టేజ్ మీద చూసినవాళ్లు 1960ల్లోనే వెర్రెక్కిపోయారు. కానీ ఆయన రికార్డులు మాత్రం అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. ఎందుకు? ఎందుకంటే ఆయన స్టేజ్ మీద చేసేది స్టూడియోలో చేయనివ్వలేదు కాబట్టి!

అప్పట్లో ఆయన షికాగోలోని ప్రసిద్ధ 'చెస్ రికార్డ్స్' సంస్థలో ఉండేవారు. ఆ సంస్థలో మడ్డీ వాటర్స్ లాంటి పెద్దలకు గిటార్ సాయం పట్టడమే ఎక్కువగా ఆయన పని. 1964లో వచ్చిన మడ్డీ వాటర్స్ ఆల్బమ్ 'ఫోక్ సింగర్'లో వినిపించే రెండో గిటార్ ఈయనదే. సొంతంగా రికార్డ్ చేసేటప్పుడు సౌండ్ పెంచితే మాత్రం సంస్థ యజమాని లియొనార్డ్ చెస్‌కి అది గోలలా అనిపించేది. ఆంప్లిఫయర్ సౌండ్ బాగా పెంచితే స్వరం గరుకుగా మారుతుంది. ఆంప్ నుంచి వచ్చే శబ్దం తిరిగి గిటార్ తీగల్ని కదిలిస్తే ఒక కేకలాంటి మోత పుడుతుంది. దీన్నే 'ఫీడ్‌బ్యాక్' అంటారు. బడ్డీ గై దీన్ని కావాలనే వాడేవారు. ఇంజినీర్లు మాత్రం దాన్ని తప్పుగా చూసేవారు.

కొన్నేళ్లకు ఇంగ్లండ్ నుంచి వచ్చిన బ్యాండ్లు సరిగ్గా అదే సౌండ్‌తో లక్షల రికార్డులు అమ్మాయి. అప్పుడు లియొనార్డ్ చెస్ తనను పిలిపించి, 'ఇన్నాళ్లూ నీ మాట విననందుకు నన్ను తన్ను' అన్నంత పని చేశారని బడ్డీ గై చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఈలోగా ఆయన ఏం చేస్తున్నారో తెలుసా? పగలు పాడైపోయిన కార్లను లాక్కెళ్లే టో ట్రక్ నడిపి, రాత్రి క్లబ్బుల్లో గిటార్ వాయిస్తూ ఇల్లు గడుపుకున్నారు.

అందుకే పాత ఫ్యాన్స్ ఒక మాట గట్టిగా చెబుతారు. బడ్డీ గై రికార్డులు విన్నవాళ్లకు సగమే తెలుసు. మిగతా సగం కోసం హాల్‌కి వెళ్లాల్సిందే.

ఆయన్ని చూసి ఎవరెవరు నేర్చుకున్నారు?

ఇక్కడే కథ రాక్ సంగీతం వైపు మలుపు తిరుగుతుంది. 1965లో బడ్డీ గై ఇంగ్లండ్ వెళ్లారు. లండన్‌లోని మార్కీ క్లబ్‌లో ఆయన షో చూసినవాళ్లలో ఒక కుర్రాడు ఎరిక్ క్లాప్టన్. పక్కన బేస్, డ్రమ్స్ మాత్రమే పెట్టుకుని ఒక్క గిటార్‌తో హాలంతా నింపేయడం చూసి క్లాప్టన్ ఆశ్చర్యపోయారు. ముగ్గురే ఉండే 'క్రీమ్' బ్యాండ్ పెట్టాలన్న ఆలోచనకు బీజం అక్కడే పడిందని క్లాప్టనే తర్వాత చెప్పారు.

1968లో న్యూయార్క్‌లో బడ్డీ గై వాయిస్తుంటే జిమీ హెండ్రిక్స్ టేప్ రికార్డర్ పట్టుకుని వచ్చి స్టేజ్ ముందు కూర్చున్నారు. అప్పటికే హెండ్రిక్స్ పెద్ద స్టార్! 1970లో రోలింగ్ స్టోన్స్ యూరప్ టూర్‌కి బడ్డీ గై, హార్మోనికా కళాకారుడు జూనియర్ వెల్స్ కలిసి ముందు ప్రోగ్రామ్ ఇచ్చారు. 2006లో న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో అదే రోలింగ్ స్టోన్స్ బడ్డీ గైని గెస్ట్‌గా పిలిచారు. పాట అయిపోగానే కీత్ రిచర్డ్స్ తన చేతిలోని గిటార్ తీసి ఆయనకు ఇచ్చేశారు. మార్టిన్ స్కోర్సేసీ తీసిన 'షైన్ ఎ లైట్' సినిమాలో ఆ సీన్ ఇప్పటికీ చూడొచ్చు.

పేరు వాళ్లకు ముందొచ్చింది, ఈయనకు ఆలస్యంగా వచ్చింది. 1980ల్లో అయితే అమెరికాలో ఆయనకు సరైన రికార్డ్ కాంట్రాక్ట్ కూడా లేదు. 1991లో 'డామ్ రైట్, ఐవ్ గాట్ ద బ్లూస్' ఆల్బమ్‌తో దశ తిరిగింది. దానికి గ్రామీ వచ్చింది. అప్పటికి ఆయన వయసు 55కి దగ్గర! చాలామంది రాక్ స్టార్లు పాత హిట్లతో కాలక్షేపం చేసే వయసులో ఈయన అసలు కెరీర్ మొదలైందన్నమాట. 2005లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు ఆయన్ని పరిచయం చేసింది ఎరిక్ క్లాప్టన్, బీబీ కింగ్. 2012లో కెన్నెడీ సెంటర్ ఆనర్స్ వచ్చింది. 2019 నాటికే ఆయన ఖాతాలో 8 గ్రామీ అవార్డులున్నాయి.

స్టేజ్ దిగి జనంలోకి ఎందుకు వెళ్తారు?

దీని వెనక ఒక గురువు ఉన్నాడు. పేరు గిటార్ స్లిమ్. 1950ల్లో లూసియానాలో ఆయన పెద్ద స్టార్. బేటన్ రూజ్‌లోని మసోనిక్ టెంపుల్ హాల్‌లో ఆయన ప్రోగ్రామ్ ఉందంటే కుర్రాడు బడ్డీ గై వెళ్లారు. బ్యాండ్ మొదలైంది, గిటార్ వినపడుతోంది.. స్లిమ్ మాత్రం కనపడటం లేదు. తీరా చూస్తే గిటార్‌కి చాలా పొడవైన వైర్ తగిలించుకుని, బయటి నుంచే వాయించుకుంటూ వస్తున్నాడు! బీబీ కింగ్‌లా వాయించాలి, గిటార్ స్లిమ్‌లా స్టేజ్‌ని ఏలాలి.. ఇదే తన ఆశయమని బడ్డీ గై తర్వాత చెప్పుకున్నారు.

షికాగో వచ్చాక కూడా ఆ పొడవాటి వైర్ ఆయన ఆయుధమైంది. క్లబ్బుల్లో గిటారిస్టుల మధ్య పోటీలు పెట్టేవారు. చలికాలం మంచులో వీధిలోంచి వాయించుకుంటూ లోపలికి వస్తే ఇక పోటీ ఏముంటుంది? తర్వాత వైర్‌లెస్ వచ్చింది, ఇంకా దూరం వెళ్లడం మొదలుపెట్టారు.

ఇది కేవలం గిమ్మిక్ అనుకుంటే పొరపాటే. పెద్ద హాల్‌లో వెనక సీటు కొన్నవాళ్లు మామూలుగా స్టార్‌ని చీమంత సైజులోనే చూస్తారు. ఇక్కడ మాత్రం ఆ చివరి వరస మనిషి పక్కకే ఆయన వచ్చి నిలబడతారు. వేళ్లు తీగల మీద ఎలా కదులుతున్నాయో అడుగు దూరంలో కనపడుతుంది. తక్కువ టికెట్ కొన్న ఫ్యాన్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ చుక్కల గిటార్ కథ

బడ్డీ గై అంటే ఫ్యాన్స్‌కి మొదట గుర్తొచ్చేది నల్ల గిటార్ మీద తెల్ల చుక్కలు. ఆయన చొక్కాల మీదా అవే చుక్కలు. ఇది ఫ్యాషన్ కోసం పెట్టుకుంది కాదు.

ఆయన ఊరు వదిలే నాటికి తల్లికి పక్షవాతం వచ్చింది. 'షికాగో వెళ్లి బాగా సంపాదిస్తానమ్మా, చుక్కల చుక్కల కెడిలాక్ కారు కొనుక్కుని నీ దగ్గరికి వస్తా' అని మాటిచ్చారు. అది తల్లిని ఊరడించడానికి చెప్పిన అబద్ధమని ఆయనకూ తెలుసు. 1968లో తల్లి చనిపోయారు. కొడుకు పేరు ప్రపంచమంతా మోగడం ఆమె చూడలేదు. ఆ మాటకు గుర్తుగానే తర్వాత చుక్కల గిటార్ చేయించుకున్నానని ఆయన చెబుతారు. ఫెండర్ కంపెనీ ఆయన పేరుతోనే ఆ చుక్కల స్ట్రాటోకాస్టర్ తయారుచేసి అమ్ముతోంది. ఈ కథ తెలిసిన ఫ్యాన్స్‌కి ఆ గిటార్ స్టేజ్ మీదికి రాగానే గొంతు పట్టేయడంలో ఆశ్చర్యం లేదు.

షోలో ఏం జరుగుతుంది?

బడ్డీ గై షోకి ముందే రాసిపెట్టుకున్న పాటల లిస్ట్ ఉండదు. జనాన్ని చూసి ఏం వాయించాలో అక్కడికక్కడ తేల్చుకుంటారు. బ్యాండ్ వాళ్లు ఆయన చేతుల వైపే కళ్లు పెట్టుకుని ఉండాలి. పౌరాణిక నాటకాల్లో నటుడు పద్యం చివర రాగం అందుకుంటే జనం 'వన్స్‌మోర్' అన్నప్పుడల్లా అది పెరుగుతూ పోయేది కదా.. అలాగే ఇక్కడ కూడా హాల్ మూడ్‌ని బట్టే షో.

సౌండ్‌తో ఆయన ఆడే ఆట మరో ఎత్తు. హోరున వాయిస్తూ వాయిస్తూ ఒక్కసారిగా తగ్గించేస్తారు. ఎంతగా అంటే, తీగ మీద వేలు రాసుకున్న చప్పుడు కూడా వినపడేంత! జనం ఊపిరి బిగపట్టి ముందుకు వంగుతారు. అంతలో ఒకే ఒక్క స్వరం పిడుగులా పడుతుంది. ఇది ఫోన్ స్పీకర్‌లో రాదు. హాల్‌లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

మధ్యలో ఆయన కబుర్లు. పాత రోజుల కథలు, కాస్త బూతు జోకులు, జనాన్ని పాడమని అడగడం, సరిగ్గా పాడకపోతే చీవాట్లు పెట్టడం. డ్రమ్ పుల్లతో గిటార్ వాయిస్తారు, టవల్‌తో తీగల్ని కొడతారు, వీపు వెనక పెట్టి వాయిస్తారు. జాన్ లీ హుకర్ ఎలా వాయించేవారు, హెండ్రిక్స్ ఎలా వాయించేవారు, క్లాప్టన్ ఎలా వాయిస్తారు అంటూ ఒక్కొక్కరి స్టైల్‌ని చూపిస్తారు. వింటున్నవాళ్లకు అదొక క్లాస్‌లా ఉంటుంది. 60 ఏళ్ల గిటార్ చరిత్ర పావుగంటలో కళ్ల ముందు నడుస్తుంది. అందులో సగం మందితో కలిసి వాయించిన మనిషే అది చెబుతున్నారు మరి!

అన్నీ పొగడ్తలేనా? కంప్లైంట్లు లేవా?

ఎందుకు లేవు! ఫ్యాన్స్ మధ్య ఎప్పటి నుంచో నడుస్తున్న గొడవ ఒకటుంది. ఆయన పాటలు పూర్తి చేయరు. ఒక పాట ఎత్తుకుని, రెండు చరణాలు కాగానే వదిలేసి, కథ చెప్పి, ఇంకో పాటలోకి వెళ్లిపోతారు. ఫలానా పాట కోసమే ఊరు దాటి వచ్చినవాళ్లకు అది నాలుగు ముక్కలే వినపడితే ఉసూరుమనిపిస్తుంది. 'మాటలు ఎక్కువ, పాట తక్కువ' అనేవాళ్లూ ఉన్నారు. అదీ కాక వయసు పెరిగేకొద్దీ షో నిడివి తగ్గడం, వేళ్ల వేగం తగ్గడం సహజమే.

ఈ విమర్శలో నిజం ఉంది. రికార్డ్‌లో ఉన్నది ఉన్నట్టు వినాలనుకుంటే ఆయన షో నిరాశ పరచొచ్చు. కానీ బ్లూస్‌లో వేగం ఒక్కటే కొలమానం కాదు. బీబీ కింగ్ చివరి దశాబ్దాల్లో కుర్చీలో కూర్చుని, తక్కువ స్వరాలే వాయించేవారు. ఒక్క స్వరంతోనే అది బీబీ కింగ్ అని తెలిసిపోయేది. వయసొచ్చిన గొంతు కీర్తన పాడితే శ్రుతి ఒకటీ అరా తగ్గినా, అందులో అనుభవం వినపడుతుందని మన పెద్దవాళ్లు అంటారు కదా.. బ్లూస్‌కి ఆ మాట ఇంకా బాగా వర్తిస్తుంది. ఎందుకంటే అది బతుకు చెప్పే పాట. ఆకలి గురించి 25 ఏళ్ల కుర్రాడు పాడటం వేరు, పత్తి ఏరిన చేతులతో 86 ఏళ్ల మనిషి పాడటం వేరు.

'తర్వాత చూద్దాంలే' అనుకుంటే..

ఫేర్‌వెల్ టూర్ అంటే కొందరు నవ్వుతారు. ఎందుకంటే వీడ్కోలు అని చెప్పి మళ్లీ మళ్లీ తిరిగొచ్చిన స్టార్లు రాక్ ప్రపంచంలో చాలామందే ఉన్నారు. కానీ బ్లూస్ ఫ్యాన్స్‌కి ఈ మాట వింటే భయం వేస్తుంది. దానికి కారణాలున్నాయి.

2014 అక్టోబర్‌లో బీబీ కింగ్ షికాగోలో షో ఇస్తుండగా ఆరోగ్యం దెబ్బతింది. మిగిలిన షోలు రద్దయ్యాయి. మళ్లీ టూర్‌కి రాలేదు. 2015 మే 14న 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తర్వాతి షోలకు టికెట్ కొన్నవాళ్లకు డబ్బులు వెనక్కి వచ్చి ఉండొచ్చు, ఆ రాత్రి మాత్రం రాలేదు. అదే 2014 జూలైలో జానీ వింటర్ యూరప్ టూర్‌లో ఉండగానే స్విట్జర్లాండ్‌లో హోటల్ గదిలో చనిపోయారు. 2023 జనవరిలో జెఫ్ బెక్, 2024 జూలైలో జాన్ మేయాల్ వెళ్లిపోయారు.

బడ్డీ గై కళ్ల ముందే జరిగిన విషాదం ఇంకొకటి. 1990 ఆగస్టు 26 రాత్రి విస్కాన్సిన్‌లోని ఆల్పైన్ వ్యాలీలో ఎరిక్ క్లాప్టన్, రాబర్ట్ క్రే, బడ్డీ గై, జిమ్మీ వాన్, ఆయన తమ్ముడు స్టీవీ రే వాన్ అందరూ కలిసి చివరి పాట వాయించారు. షో అయ్యాక స్టీవీ రే వాన్ ఎక్కిన హెలికాప్టర్ పొగమంచులో కొండను ఢీకొట్టి కూలిపోయింది. అప్పటికి ఆయన వయసు 35. ఆ రాత్రి హాజరైన వేలమందికి అదే ఆయన ఆఖరి షో అని ఇంటికి చేరాకే తెలిసింది.

అందుకే బ్లూస్ ఫ్యాన్స్ 'ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాం' అనరు. తండ్రి కొడుకుని తీసుకెళ్తాడు. కూతురు ముసలి తండ్రిని తీసుకెళ్తుంది. ఇదొక ఇంటి బాధ్యతలా చూస్తారు.

ఫేర్‌వెల్ తర్వాత కూడా ఎక్కడ చూడొచ్చు?

షికాగోలో! 1989లో ఆయన అక్కడ 'బడ్డీ గైస్ లెజెండ్స్' అనే క్లబ్ తెరిచారు. 2010లో అదే సౌత్ వాబాష్ వీధిలో దగ్గర్లోనే ఉన్న బిల్డింగ్‌లోకి మారింది. అంతకుముందు 1970ల్లో సౌత్ సైడ్‌లో చెకర్‌బోర్డ్ లౌంజ్ నడిపారు. 1981 నవంబర్‌లో రోలింగ్ స్టోన్స్ వచ్చి మడ్డీ వాటర్స్‌తో కలిసి పాడింది ఆ చిన్న క్లబ్‌లోనే.

లెజెండ్స్‌లో ప్రతి జనవరిలో బడ్డీ గై స్వయంగా వరసగా షోలు ఇవ్వడం ఏళ్ల తరబడి వస్తున్న ఆనవాయితీ. షికాగో జనవరి అంటే గడ్డకట్టే చలి. అయినా వేరే రాష్ట్రాల నుంచి, వేరే దేశాల నుంచి ఫ్యాన్స్ వచ్చి తలుపు దగ్గర క్యూ కడతారు. షో లేని రోజుల్లో కూడా ఆయన బార్ దగ్గర స్టూల్ మీద కూర్చుని కనపడటం, బుద్ధి పుడితే స్టేజ్ ఎక్కి ఒక పాట పాడి దిగడం అక్కడ మామూలే. షికాగో చుట్టుపక్కల నేపర్‌విల్, షాంబర్గ్, అరోరా లాంటి చోట్ల మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉంటున్నారు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు విల్లిస్ టవర్, గుడి చూపించి పంపేయకుండా, సంగీతం ఇష్టమున్నవాళ్లను ఈ క్లబ్‌కి కూడా తీసుకెళ్లొచ్చు. నగరం నడిబొడ్డునే ఉంది.

2024 జూన్‌లో షికాగో బ్లూస్ ఫెస్టివల్‌లో, మిలీనియం పార్క్‌లో ఆయన వీడ్కోలు షో ఇచ్చారు. 2025లో 89వ పుట్టినరోజు నాడు 'ఎయింట్ డన్ విత్ ద బ్లూస్' ఆల్బమ్ వచ్చింది. బ్లూస్‌తో తన పని ఇంకా అయిపోలేదని పేరులోనే చెప్పేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ర్యాన్ కూగ్లర్ సినిమా 'సిన్నర్స్'లో ముసలి సంగీతకారుడు శామీ పాత్రలో కనిపించారు. మన దేశంలో కూడా థియేటర్లలోకి వచ్చిన ఆ సినిమా చూసి, ఎండ్ టైటిల్స్ మధ్యలో వచ్చిన ఆ పెద్దాయన ఎవరా అని వెతికినవాళ్లు చాలామందే ఉంటారు. ఆయనే ఈయన!

ఇండియాకి వచ్చారా?

వచ్చారు. ఒకసారి కాదు. 2011 ఫిబ్రవరిలో ముంబై బాంద్రాలోని మెహబూబ్ స్టూడియోలో మొదటి మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ జరిగినప్పుడు ప్రధాన ఆకర్షణ బడ్డీ గైనే. ఆ వేదిక మీద షిల్లాంగ్ బ్లూస్ బ్యాండ్ 'సోల్‌మేట్' కూడా వాయించింది. 'మదర్ ఇండియా' తీసిన మెహబూబ్ ఖాన్ కట్టించిన స్టూడియో అది. అక్కడ లూసియానా పత్తి చేల పాట మోగిందన్నమాట! 2023లో వీడ్కోలు టూర్ మొదలైన ఫిబ్రవరి నెలలోనే మళ్లీ అదే చోటికి వచ్చి ఇండియా ఫ్యాన్స్‌కి గుడ్‌బై చెప్పారు.

ఆయన తర్వాత ఎవరు?

ఫ్యాన్స్ మనసులో ఉన్న అసలు ప్రశ్న ఇదే. మడ్డీ వాటర్స్ 1983లో చనిపోయారు. బ్లూస్‌ని చావనివ్వకు అని ఆయన తనతో అన్నారని బడ్డీ గై చెబుతుంటారు. ఆ మాటను ఆయన పనిలో చూపిస్తున్నారు. 2007లో మసాచుసెట్స్ రాష్ట్రం న్యూ బెడ్‌ఫర్డ్‌లో షో జరుగుతుంటే, 8 ఏళ్ల క్విన్ సల్లివన్ అనే పిల్లాడిని స్టేజ్ మీదికి పిలిచి వాయించమన్నారు. ఆ పిల్లాడు అదరగొట్టాడు. తర్వాత ఏళ్ల తరబడి తనతో పాటు టూర్లకు తిప్పుకున్నారు. మిసిసిపీ కుర్రాడు క్రిస్టోన్ 'కింగ్‌ఫిష్' ఇంగ్రమ్‌కి కూడా మొదట్నుంచీ అండగా నిలిచారు. 2023 ముంబై ఫెస్టివల్‌లో ఆ కింగ్‌ఫిష్ కూడా వాయించారు. ఆకలితో ఉన్న కుర్రాడికి మడ్డీ వాటర్స్ కార్లో పెట్టిన శాండ్‌విచ్ బాకీని ఆయన ఇలా తీరుస్తున్నారు.

మొదటిసారి చూసేవాళ్లకు..

ఒక పెద్ద వయసు గిటారిస్ట్ షోకి వెళ్తున్నారా? అది బడ్డీ గై అయినా, ఇంకొకరైనా ఈ విషయాలు గుర్తుపెట్టుకోండి.

- ముందు పని చేసే బ్యాండ్‌ని మిస్ కావొద్దు. రేపటి పేరు అక్కడే ఉండొచ్చు. క్విన్ సల్లివన్‌ని చాలామంది అలాగే మొదట చూశారు.
- రికార్డ్‌లో విన్న పాటే కావాలని పట్టుబట్టొద్దు. ఈ రాత్రి అది ఎలా మారిందో వినండి.
- పాటల మధ్య కబుర్లు వదలొద్దు. మడ్డీ వాటర్స్‌ని స్వయంగా చూసిన మనుషులు ఎంతోమంది మిగల్లేదు.
- సౌండ్ తగ్గినప్పుడు మాట్లాడొద్దు. షోలో గొప్ప క్షణాలు అక్కడే ఉంటాయి.
- ఫోన్‌లో ఒక నిమిషం తీసుకోండి, చాలు. ఆయన మీ వరసలోకి వచ్చినప్పుడు స్క్రీన్‌లో కాకుండా కళ్లతో చూడండి.

ఇక షికాగో దాకా వెళ్లలేనివాళ్లు 2021లో పీబీఎస్ ఛానల్ తీసిన 'బడ్డీ గై: ద బ్లూస్ చేజ్ ద బ్లూస్ అవే' డాక్యుమెంటరీతో మొదలుపెట్టొచ్చు. 2012 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లో జరిగిన కాన్సర్ట్ వీడియో కూడా తప్పక చూడాలి. అప్పటి అధ్యక్షుడు బరాక్ ఒబామాని పాడమని వేదిక మీంచి మొహమాటం లేకుండా అడిగింది బడ్డీ గైనే. ఒబామా మైక్ అందుకుని షికాగో పాట రెండు లైన్లు పాడక తప్పలేదు! తాతలు పొలంలో కూలి చేసిన ఇంటి కుర్రాడు, దేశాధ్యక్షుడితో పాట పాడించేదాకా వచ్చారు. ఆ దూరమంతా నడిపించింది మొదట కిటికీ జాలీ నుంచి పీకిన ఒక తీగ.